నడచు పాదము, నిలుచు గురి

హైదరాబాదు పాతబస్తీకి తుపాకితో గల పరిచయము నేటిది కాదు. మూసీ దక్షిణపుటొడ్డున సాలార్ జంగ్ మ్యూజియములోని ఆయుధశాలలో వత్తి రాజేసి పేల్చు పాతకాలపు తుపాకులు కత్తుల సరసను, కటారుల సరసను నిలిచియున్నవి; అచటికి కొద్ది దూరములోనున్న పురానీ హవేలీలో నివసించిన ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ (1866–1911) ముప్పదికి మించి పులులను కొట్టెననియు, అందువలననే జనులు ఆయనను ‘తీస్ మార్ ఖాన్’ అని పిలుచుకొనిరనియు ప్రతీతి; ఆయన ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ నాటి వేట శిబిరములను తన కెమెరాలో పదిలపరచెను. చార్మినారుకు పడమటగానున్న పేట్లబుర్జులో నగర సాయుధ రిజర్వు పోలీసుల ప్రధాన స్థావరము కలదు. ఇంకను నైరుతి దిక్కుగా పోయినచో, 1948లో మౌంట్ ఆబూలో నెలకొని 1975లో ఈ నగరమునకు తరలివచ్చిన జాతీయ పోలీసు అకాడమీ శివరాంపల్లిలో కనిపించును. వేటగాని తుపాకి మ్యూజియమునకు చేరినది. పోలీసు నడుమునగల పిస్తోలు మాత్రము నేటికిని వీధిలో తిరుగుచున్నది.

ఈ రెండింటి నడుమ ఒక ముఖ్యమైన భేదమున్నది. వేటగాడు మంచెపై కూర్చుండి, డప్పులవాండ్రు తరుముకొనివచ్చిన మృగము తన ముందునకు రావలెనని కాచుకొనియుండును. పోలీసు ఉద్యోగికి ఆ సౌకర్యము లేదు. అతడే ఒక గోడ చాటునుండి మఱొక స్తంభము చాటునకు, నిలుచున్న స్థితినుండి మోకాలిపై కూర్చున్న స్థితికి మారుచు, ఆ మార్పుల నడుమనే గురి చూడవలసియుండును. ఆటస్థలములో మనకు పేరు తెచ్చినవారిని చూడుడు. 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీయందు కంచు పతకము గెలిచిన గగన్ నారంగ్ గాని, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణములో పాలుపంచుకొని, అదే విభాగమున వ్యక్తిగత రజతమును కూడ సాధించిన ఈషా సింగ్ గాని, నేలపై పాదములను నాటుకొని కొట్టినవారే. నిశ్చలతయే వారి విద్యకు పునాదియని చూచువారికి తోచును. అట్లయినచో నడచుచు కొట్టువాని విద్యకు పునాది యెక్కడ? వానికి వేరొక శాస్త్రము కావలయునా?

అక్కఱలేదనియే ఈ అధ్యాయమున నిరూపింపదలచుకొంటిని. నిలుచున్నవాని దేహము సైతము నిజముగ నిశ్చలమైనది కాదు. గుండె కొట్టుకొనుచుండును, ఊపిరి ఆడుచుండును, చాచిన చేయి సెకనుకు పదిసార్ల చొప్పున కంటికి కానరాని వణకును వణకుచుండును. గురి యనునది కన్నునకును, ఆయుధమునకును, లక్ష్యమునకును నడుమ నిలువవలసిన ఒక సంబంధము. ఆ సంబంధము చెడకున్నంతవరకు తక్కిన దేహము ఎంత కదలినను హాని లేదు. ఏ కదలిక ఆ సంబంధమును చెఱచునో, ఏది చెఱుపదో తెలిసికొనుటయే మన పని.

రెండు విధముల దోషము

పిస్తోలుపైని రెండు గుర్తులుండును: కంటికి చేరువగా గాడితో కూడిన వెనుక సైటు, గొట్టపు మూతికడ ముందు సైటు. సామాన్యముగ పోలీసులు వాడు పిస్తోలులో ఈ రెండింటి నడుమ దూరము 160 మిల్లీమీటర్లని అనుకొందము. చేయి వణకి ముందు సైటు గాడి మధ్యనుండి ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు తొలగినదనుకొనుడు. అపుడు 10 మీటర్ల దూరములోనున్న లక్ష్యముపైని తూటా 62 మిల్లీమీటర్లకు పైగా తప్పిపోవును. 25 మీటర్లయినచో ఆ తప్పు 156 మిల్లీమీటర్లగును. సరూప త్రిభుజములను చదివిన బడిపిల్లవాడు సయితము ఈ లెక్కను కట్టగలడు. ఇది కోణదోషము, దూరముతో పాటు పెరుగుచుండును.

ఇంక రెండవ దోషమును చూడుడు. రెండు సైటులును ఒకదానితో నొకటి సరిగ్గా అమరియుండగనే పిస్తోలు మొత్తముగ, తన దిశను మార్చుకొనక, అయిదు మిల్లీమీటర్లు ప్రక్కకు జరిగినది. తూటా యెంత తప్పును? అయిదు మిల్లీమీటర్లే. లక్ష్యము 10 మీటర్లలోనున్నను, 25 మీటర్లలోనున్నను, అంతియే. ఇది సమాంతర దోషము, దూరముతో పెరుగదు.

నడచుచు కొట్టు విద్యలోని రహస్యము చాలవఱకు ఈ రెండు దోషముల భేదములోనే యిమిడియున్నది. నడకయందు దేహము మొత్తముగ పైకి క్రిందికి, కుడికి ఎడమకు జరుగును. ఆ జరుగుటను పిస్తోలునకు సమాంతర చలనముగ మాత్రమే అందనిచ్చి, కోణము మారకుండ కాపాడుకొనగలిగినవానికి నడక శత్రువు కాదు. తన గురి ఊగుచున్నదని బెదరి, దానిని సరిదిద్దబోయి మణికట్టును ఝాడించువాడు హానిలేని దోషమును హానికరమైన దోషముగ మార్చుకొనుచున్నాడు. శిక్షణలో క్రొత్తవారు తరచుగ చేయు పని యిదియే. లక్ష్యపు మధ్యన గురి చిన్నగ తేలియాడుచున్నను దానినట్లే యుండనిచ్చి, రెండు సైటుల పొందికను మాత్రము విడువక, ట్రిగ్గరును మెల్లగ వెనుకకు నొక్కుమని శిక్షకులు చెప్పుటలోని అంతరార్థము ఈ జ్యామితియే.

తూటాకు సంక్రమించు నడక

ఇచట ఒక చిత్రమైన విషయమును గమనింపవలెను. ప్రక్కవాటుగ నడచుచు పేల్చిన తూటా, గొట్టమును విడిచిన పిదప ఆ నడకను మఱచిపోదు. కదలు ఓడ స్తంభమునుండి జారవిడచిన రాయి ఓడతో పాటు ముందునకు సాగుచునే స్తంభము మొదట పడునని గెలీలియో వాదించెను. అదే న్యాయము తూటాకును వర్తించును. సెకనుకు ఒకటిన్నర మీటరు వేగముతో కుడివైపునకు నడచువాని తూటా, సెకనుకు 350 మీటర్ల వేగముతో ముందునకు దూసుకొనిపోవుచునే, ఒకటిన్నర మీటరు వేగముతో కుడివైపునకు కూడ సాగుచుండును. 10 మీటర్లు దాటుటకు దానికి సెకనులో ముప్పదియైదవ వంతు పట్టును గనుక, ఆ వ్యవధిలో అది నాలుగు సెంటీమీటర్లకు పైగా కుడికి జరుగును. గాలి ఒత్తిడితో పనిచేయు ఎయిర్ పిస్తోలులో గుండువేగము సుమారు 150 మీటర్లే కావున, ఆ జరుగుబాటు పది సెంటీమీటర్లగును.

ఎయిర్ పిస్తోలు పోటీలలో పది మార్కుల వలయపు వ్యాసము 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. ప్రక్కవాటు నడకతో అట్టి వలయమును కొట్టబూనుట వ్యర్థమని పై లెక్కయే చెప్పుచున్నది. లక్ష్యము పెద్దదై, దూరము అయిదాఱు మీటర్లకు లోబడినపుడు రెండు మూడు సెంటీమీటర్ల తేడా లెక్కకు రాదు. కావున ఎచ్చట నడచుచు కొట్టవచ్చునో, ఎచ్చట ఆగి కొట్టవలయునో నిర్ణయించునది ధైర్యసాహసములు కావు. లక్ష్యపు పరిమాణమును, దూరమును, వేగమును కలిసి వేయు లెక్క. లక్ష్యమునకు ఎదురుగ నడచునపుడు ఈ ప్రక్క జరుగుబాటు లేదు గనుక, శిక్షణలో మొదట ఎదురునడకను, అటుపిమ్మట వెనుకనడకను, తుదకు ప్రక్కనడకను అలవరచుట యుక్తము.

మోకాలి పని

సామాన్యమైన నడకలో మనము సెకనుకు ఇంచుమించు రెండడుగులు వేయుదుము. ఒక్కొక్క అడుగునకు దేహపు గరిమనాభి నాలుగైదు సెంటీమీటర్లు పైకి లేచి దిగుచుండును. నిటారుగనున్న కాలిపై దేహము తలక్రిందులైన లోలకమువలె ఒరగిపోవుటయే ఇందుకు కారణము. ఈ పద్ధతిలో శక్తివ్యయము తక్కువ. అందుచేతనే మనుజుడు మైళ్లకొలది నడువగలుగుచున్నాడు. ఐతే మడమ నేలను తాకినపుడెల్ల ఒక చిన్న అదురు కాలి ఎముకల మీదుగా వెన్నునకు, వెన్నునుండి భుజమునకు, భుజమునుండి చేతికి ప్రాకును.

చార్మినారు పరిసరములలోని ఇరానీ హోటలులో, మధ్యాహ్నపు రద్దీలో, నిండు టీకప్పులను ట్రేలో పెట్టుకొని బల్లల నడుమ దూరిపోవు సర్వరును చూచినవారికి దీని విరుగుడు వేఱే చెప్పనక్కఱలేదు. అతడు మోకాళ్లను కొంచెము సడలించును, అడుగులను కురుచ చేయును, మోచేతిని దేహమునకు అతికింపక స్ప్రింగువలె వదలియుంచును, బయలుదేరునపుడును ఆగునపుడును తొట్రుపాటు లేకుండ వేగమును క్రమముగ పెంచి క్రమముగ తగ్గించును. పిస్తోలుతో నడచువానికి గురువులు నేర్పునది కూడ అక్షరాల ఇదే. మోకాళ్లు వంగినపుడు కాలు ఒక కఱ్ఱవలె కాక మెత్తని ఆధారమువలె పనిచేసి, మడమనుండి మునివ్రేళ్లవఱకు దొర్లుచు వచ్చిన అడుగులోని అదురును తనలోనే మ్రింగివేయును. ఇందుకు మూల్యముగ తొడకండరములు ఎక్కువ శ్రమపడవలెను. మోకాళ్లు వంచి నడచునపుడును, పరుగెత్తునపుడును ప్రాణవాయు వినియోగము హెచ్చునని ప్రయోగములు తేల్చినవి. అందువలననే ఈ నడకను కొద్ది దూరమునకే పరిమితము చేయుదురు.

మక్కా మసీదు పావురము

పాదమును చక్కబెట్టితిమి, ఇంక కంటి మాట. నడచువాని తల ఊగుచుండగా ప్రపంచము అతని కంటికి ఊగదేల? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుటకు మక్కా మసీదు ముంగిలి కంటె అనువైన తావు దొరకదు. అచట గింజలు జల్లువారి చుట్టును మూగు పావురములలో ఒకదానిని ఎన్నుకొని, దాని మెడను మాత్రమే గమనింపుడు. అది నడచునపుడు తల ముందునకు వెనుకకు ఊగుచున్నట్లు తోచును. నిజమునకది వెనుకకు పోవుటయే లేదు. తల ఒక్కసారి ముందునకు దూకి ఆగును. అది ఆగియుండగా దేహము దాని క్రిందనుండి ముందునకు జరుగును. మరల తల దూకును. ఆగిన ఆ క్షణమున కంటిలోని చిత్రము చెదరక నిలుచును. కెనడా దేశపు శాస్త్రజ్ఞుడు బారీ ఫ్రాస్ట్ 1978లో పావురమును కదలు పట్టాపై నడిపించెను. కాళ్లు నడచుచున్నను చుట్టునున్న దృశ్యము దానికి కదలకుండెను. అపుడు తల ఊగుట ఆగిపోయెను. అనగా ఆ ఊపు నడకకొఱకు కాదు, చూపుకొఱకు.

మానవునికి పావురమువంటి మెడ లేదు. దానికి బదులుగ లోపలి చెవి కలదు. మూడు అర్ధచంద్రాకార నాళములు తల యొక్క ప్రతి త్రిప్పును పసికట్టి, సెకనులో నూఱవ వంతునకే కంటి కండరములకు వార్త నందించి, తల కుడికి తిరిగినంత మేర కనుగ్రుడ్లను ఎడమకు త్రిప్పుచుండును. కంటిచూపునే ఆధారముగ చేసికొని దిద్దుకొనుటకు ఇంతకు పదింతలు కాలము పట్టును. ఈ నాళముల వ్యవహారమును పరిశోధించిన రాబర్ట్ బారానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. కావున నడచువాడు తన తలను బిగించి పట్టుకొనవలసిన అవసరము లేదు. మెడను బిగించినచో దేహపు అదురు తలకు నేరుగ ఎక్కును. భుజములను క్రిందికి జారవిడచి, మెడను సహజముగనుంచి, పిస్తోలును కంటికడకు ఎత్తవలెనే కాని తలను పిస్తోలుకడకు వంచరాదు.

కీళ్ల ఒప్పందము

కన్ను, పాదము తమ తమ పనులు చేసికొనుచుండగా, వాని నడుమనున్న భుజము, మోచేయి, మణికట్టు ఏమి చేయుచున్నవి? మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ (1896–1966) అను శాస్త్రజ్ఞుడు 1920ల తొలినాళ్లలో కమ్మరులు సమ్మెటతో ఉలిని కొట్టుటను వరుస ఛాయాచిత్రములలో బంధించి పరిశీలించెను. ఆరితేరిన కమ్మరి సమ్మెట ప్రతి దెబ్బకును ఇంచుమించు ఒక్క తావుననే పడుచుండెను. అతని భుజము, మోచేయి, మణికట్టు మాత్రము ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క త్రోవను పట్టుచుండెను. కీళ్లన్నియు మాఱుచుండగా ఫలితము మాఱకుండుట యెట్లు? ఒక కీలు చేసిన తప్పును మఱొక కీలు సరిదిద్దుచున్నదన్నమాట.

ఈ ఊహను పిస్తోలునకు అన్వయించినవారు ఆ దేశపు వారే. 1960ల చివర అరుత్యున్యాన్, గుర్ఫింకెల్, మిర్‌స్కీ అను మువ్వురు, గురి చూచువారి భుజము, మణికట్టు ఎట్లు కదలుచున్నవో కొలిచిరి. నేర్పరుల చేతులలోను కీళ్లు కదలుచునే యుండెను. ఐతే భుజము పైకి జరిగినపుడు మణికట్టు దానికి విరుద్ధముగ, అంతే మేర, క్రిందికి జరుగుచుండుటచేత గొట్టపు దిశ మాత్రము నిలకడగ నుండెను. క్రొత్తవారి చేతులలో ఈ పరస్పర సర్దుబాటు కొఱవడినది. వారు మణికట్టును బిగించి, భుజపు ఊపునంతను గొట్టపు మూతికి చేరవేయుచుండిరి. 2000 సంవత్సరమున షోల్జ్, షోనర్, లతాష్ అను శాస్త్రజ్ఞులు ఇదే విషయమును గణితముతో పరీక్షించి, గురిని చెఱుపని కదలికలకు నాడీవ్యవస్థ స్వేచ్ఛనిచ్చి, చెఱచు కదలికలను మాత్రమే అదుపులో నుంచునని చూపిరి.

ఇంతకు మునుపు మనము జ్యామితిలో చూచిన రెండు దోషములను జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ ఫలితము మఱింత స్పష్టమగును. సమాంతర దోషమునకు స్వేచ్ఛ, కోణదోషమునకు కట్టడి: లెక్కల పుస్తకము తెఱవని కండరములే ఈ విచక్షణను అభ్యాసముచేత నేర్చుకొనుచున్నవి.

రెండు తావుల నడుమ

ఒక తావునుండి మఱొక తావునకు పరుగెత్తుచు, దారిపొడుగున లక్ష్యములను కొట్టు ఆట యొకటి కలదు. అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య యను సంస్థ 1976లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు కొలంబియా పట్టణమున ఏర్పడగా, జెఫ్ కూపర్ దానికి తొలి అధ్యక్షుడయ్యెను. ఆ ఆటలో వచ్చిన మార్కులను పట్టిన సెకనులతో భాగింతురు. పండ్రెండు తూటాలకు పండ్రెండును నడిబొడ్డున తగిలి, ఒక్కొక్కటికి అయిదు చొప్పున అఱువది మార్కులు పండ్రెండు సెకనులలో వచ్చినచో భాగఫలము 5. మఱొకడు పది సెకనులలో ముగించి, రెండు తూటాలు అంచున తగులుటచే నాలుగు మార్కులు కోల్పోయినచో అతనికి 5.6 వచ్చును. మూడవవాడు అదే పది సెకనులలో పదునొకండు నడిబొడ్డున కొట్టి, ఒక్కటి మాత్రము పూర్తిగ తప్పెననుకొనుడు. అయిదు మార్కులు పోవుటయే కాక పది మార్కుల శిక్ష కూడ పడి, అతనికి 4.5 మాత్రమే దక్కును. తొందర కొంతవఱకు లాభము. హద్దు మీరినచో నష్టము.

ఆ రెండు సెకనులు ఎచట దొరకును? ట్రిగ్గరును వడిగ లాగుటలో దొరకవు. బయలుదేరుటలోను, ఆగుటలోను దొరకును. డెబ్బది కిలోల మనుజుడు సెకనుకు నాలుగు మీటర్ల వేగముతో పరుగెత్తునపుడు అతని దేహమున 560 జౌళ్ల గతిజశక్తి యుండును; వేగమును సగము చేసికొన్నచో శక్తి పావు వంతై 140 జౌళ్లకు దిగును. తావునకు చేరిన పిమ్మట ఒక్క అడుగుతో ఆగబూనువాడు ఆ 560 జౌళ్లను ఒక్క మోకాలిపై మోపి, తూలి, ఆ తూలుడు అణగువఱకు కాచుకొనవలెను. నేర్పరి చివరి మూడు నాలుగడుగులను కురుచ చేసి, శక్తిని దారిలోనే ఖర్చుపెట్టి, పిస్తోలు అప్పటికే కంటికి ఎదురుగ నుండగా తావులో అడుగుపెట్టును. రెండవ పాదము నేలను తాకకమునుపే మొదటి తూటాకు అతడు సిద్ధము.

చేతిని ఎత్తుట యను స్వల్పకార్యమునకు కూడ కాళ్లు ముందుగ సన్నద్ధమగునని 1967లో బెలెంకీ, గుర్ఫింకెల్, పాల్ట్‌సెవ్ కనుగొనిరి. నిలుచున్న మనిషిని చేయి యెత్తుమన్నపుడు, భుజపు కండరముకంటె ముందుగనే తొడ కండరము బిగియును; ఏలయనగా ముందునకు చాచిన చేయి దేహమును ముందునకు లాగునని నాడీవ్యవస్థకు ముందే తెలియును. ఈషా సింగ్ పాల్గొను 25 మీటర్ల పిస్తోలు పోటీ రెండవ భాగమున, చేతిని నిలువురేఖనుండి 45 డిగ్రీలకు మించని కోణమున దించియుంచి, లక్ష్యము మూడు సెకనులపాటు కనబడినంతలో చేయి యెత్తి ఒక్క తూటా పేల్చవలెను. పాదము కదలని ఆ ఆటలోను ఈ ముందస్తు సన్నాహము కలదు. పరుగెత్తి వచ్చి ఆగువాడు దానినే, పలుమడుగులుగ, ప్రతి తావునను చేయవలసియున్నది.

వేగమునకును కచ్చితత్వమునకును గల బేరమును 1954లో పాల్ ఫిట్స్ సూత్రబద్ధము చేసెను. చేరవలసిన దూరము రెట్టింపైనను, చేరవలసిన గురుతు వెడల్పు సగమైనను, పట్టు కాలము ఒకే పరిమాణమున పెరుగునని ఆ సూత్రపు సారము. కావున పెద్ద లక్ష్యమును చూడగనే కొట్టవచ్చును, చిన్నదానికి ఓర్పు వహింపవలెను. అన్నిటికిని ఒకే లయలో ట్రిగ్గరు లాగువాడు పెద్దదానియెడ కాలమును, చిన్నదానియెడ మార్కులను పోగొట్టుకొనును.

గుండె తొందర

ఆధునిక పెంటాథ్లాన్ పోటీలో పరుగును, పిస్తోలును కలిపి ఒక్క అంశముగ చేసిరి. 2012 లండన్ ఒలింపిక్సునందు క్రీడాకారులు 10 మీటర్ల దూరమున, 59.5 మిల్లీమీటర్ల వ్యాసముగల అయిదు గురుతులను లేజరు పిస్తోలుతో కొట్టి వెయ్యి మీటర్లు పరుగెత్తిరి, ఇట్లు మూడుసార్లు. గుండె నిమిషమునకు అఱువదిసార్లు కొట్టుకొనునపుడు రెండు స్పందనల నడుమ ఒక్క సెకను తెఱపి యుండును. నూటయేబదిసార్లు కొట్టుకొనునపుడు ఆ తెఱపి సెకనులో నాలుగు పదవ వంతులకు కుంచించుకొనిపోవును. ప్రతి స్పందనయు నెత్తురును ఎగజిమ్మి చేతిని కొంచెము కదపును. ఊపిరి వడి హెచ్చి ఛాతీ లేచి దిగుచుండును. అట్టివాడు ఊపిరిని బిగబట్టి ఎక్కువసేపు కాచుకొనలేడు. నిశ్వాసపు చివర వచ్చు స్వల్ప విరామమును పట్టుకొని అందులో ఒకటి రెండు తూటాలను మాత్రమే పేల్చుకొనవలెను. వాహనము దిగి మెట్లెక్కి వచ్చిన పోలీసు ఉద్యోగి స్థితియు నిట్టిదే.

వ్రేలి నియమము

ఇంతవఱకు గురిని గూర్చి ముచ్చటించితిమి. గురి కంటె ముందుగ చెప్పదగిన నియమము వ్రేలిది. ఒక తావునుండి మఱొక తావునకు కదలునపుడు చూపుడువ్రేలు ట్రిగ్గరు గార్డుకు వెలుపల, చట్రమునానుకొని నిలువుగ ఉండితీరవలెను. గొట్టపు మూతి ఎల్లప్పుడును లక్ష్యముల దిక్కుననే యుండవలెను. పైనచెప్పిన ప్రాక్టికల్ షూటింగ్ ఆటలో ఈ నియమమును ఉల్లంఘించినవానిని ఆ క్షణముననే పోటీనుండి తొలగింతురు. ఇది కేవలము క్రమశిక్షణకొఱకు పెట్టిన నియమము కాదు. శరీరశాస్త్రమే దీనిని శాసించుచున్నది. తుపాకి తనంత తాను పేలినట్లు తోచు సందర్భములకు రోజర్ ఎనోకా అను శరీరశాస్త్రజ్ఞుడు మూడు కారణములు చూపెను: ఒక చేయి బిగియగా రెండవ చేయి కూడ బిగియుట, కాలుజాఱి తూలుట, హఠాత్తుగ ఉలికిపడుట. మూడింటియందును వ్రేళ్లు మనస్సు ఆజ్ఞ లేకయే ముడుచుకొనును. పరుగెత్తువానికి ఈ మూడును పొంచియుండును. ఒక చేత తలుపు లాగుచుండును, కంకరఱాతిపై అడుగు జాఱుచుండును, ప్రక్కన శబ్దము పుట్టుచుండును. ముడుచుకొను వ్రేలిని ఆపుట మనిషి తరము కాదు. అది ముడుచుకొన్నను ట్రిగ్గరు తగులని చోట నుంచుట మాత్రము అతని వశములోనిదే.

అభ్యాసక్రమము

ఈ విద్యను తూటాలు లేకయే చాలవఱకు సాధింపవచ్చునన్నది సామాన్యులకు వింతగ తోచును. ఆయుధమును ఖాళీ చేసి, ఖాళీ అయినదని కన్నుతోను వ్రేలితోను మరల పరీక్షించి, తూటాలను వేఱొక గదిలో నుంచి చేయు ఈ సాధనను డ్రై ప్రాక్టీసు అందురు. అడుగును కురుచ చేయుట, ఆగుట, ఎత్తుట, వ్రేలిని వెలుపలికి తీయుట, ఇవన్నియు ప్రేలుడుతో నిమిత్తము లేని పనులు. పైగా ప్రేలుడు లేనందున ట్రిగ్గరు విడిచిన క్షణమున ముందు సైటు ఎటు వణకినదో కన్నునకు స్పష్టముగ కనబడును. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక పిస్తోలును కలిగియుండరాదు గనుక, తూటాతో కూడిన అభ్యాసము గుర్తింపుగల రేంజిలో శిక్షకుని కనుసన్నలలోనే జరుగవలసియుండును.

క్రమమునందు ఒక సూక్ష్మము కలదు. 1979లో షియా, మోర్గన్ అను ఇరువురు మూడు విధముల చేతి కదలికలను రెండు జట్లకు నేర్పిరి. ఒక జట్టు మొదటిదానిని పూర్తిగ సాధించిన పిమ్మటనే రెండవదానికి పోయెను. రెండవ జట్టు మూడింటిని కలగాపులగముగ చేసెను. నేర్చుకొనునపుడు మొదటి జట్టే మెఱుగుగ కనబడెను. కొన్నాళ్లకు పరీక్షింపగా రెండవ జట్టు దానిని మించెను. ఒకే తావునుండి ఒకే తావునకు వందసార్లు పరుగెత్తువాడు ఆనాటికి సంతృప్తి పొందును. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, ఒకసారి మోకాలిపైకి మారుచు సాధన చేయువాడు ఆనాడు తడబడును, కాని నిలువయుంచుకొనును. ఒకే చలనమును మరల మరల చేయుట అభ్యాసము కాదనియు, ఒకే సమస్యను ప్రతిసారియు క్రొత్తగ పరిష్కరించుటయే అభ్యాసమనియు బెర్న్‌స్టైన్ చెప్పిన మాటకు ఇది ప్రత్యక్ష సాక్ష్యము.

అడుగు మార్చుటలోని ప్రయోజనము

ఆటయందు తావు మారుట మార్కుల కొఱకు; వీధియందు ఎందులకు? తన్ను తాను కాపాడుకొనుటకని సాధారణముగ చెప్పుదురు. అది సగము మాత్రమే. పత్తర్‌గట్టి దుకాణముల కమానుల క్రిందనో, లాడ్ బజారులో గాజుల అంగళ్ల నడుమనో నిలిచి ఆలోచింపుడు. పిస్తోలు తూటా లక్ష్యమును తప్పినచో కిలోమీటరునకు పైగా పోగలదు. ఆ వీధులలో లక్ష్యము వెనుక ఎల్లప్పుడును ఎవరో ఒకరుందురు. నాలుగు మీటర్ల దూరములోనున్నవానికి ఎదురుగ నిలిచియున్న ఉద్యోగి ఒక్క మీటరు ప్రక్కకు జరిగినచో, అతని చూపురేఖ పదునాలుగు డిగ్రీలు తిరుగును. లక్ష్యమునకు వెనుక మఱి ఇరువది మీటర్ల దూరమున ఆ రేఖ అయిదు మీటర్లు ప్రక్కకు జరుగును. అంతకు మునుపు జనసమూహము కనబడిన చోట ఇపుడు రాతిగోడ కనబడవచ్చును. కనబడకపోయినచో ఇంకొక అడుగు వేయవచ్చును. ఎన్ని అడుగులు వేసినను గోడ కనబడకపోయినచో ట్రిగ్గరు లాగరాదు. పాదములను నేలకు నాటుకొని మాత్రమే కొట్టనేర్చినవానికి ఈ త్రోవలలో ఒక్కటియు లేదు. అతనికి దొరకిన గురి ఏదియో దానినే అతడు కొట్టవలెను, లేదా మానవలెను. మోకాళ్లను వంచి, కన్నును నిలిపి, వ్రేలిని వెలుపలనుంచి నడువ నేర్చినవానికి కాలము కొంత మిగులును. ఆ మిగిలిన కాలమును తూటాను పేల్చుటకు వాడుకొనవచ్చును. పేల్చనక్కఱలేదని తెలిసికొనుటకును వాడుకొనవచ్చును. శిక్షణ పెరిగిన కొలది ఈ రెండవ వినియోగము కూడ పెరుగవలెను. అట్లు పెరుగనిచో ఆ శిక్షణలో పాదములకు నేర్పినది వ్యర్థమైనట్లే.